వట్టి పిల్లి కాదు

తాళాలు బాగుచేసేవాడికి లోకం మీద నమ్మకం తక్కువగా ఉంటుంది. అది వృత్తిధర్మం. మన తాళాలాయనకు ఆ తక్కువ కూడా లేదు. మార్కెట్ పక్క సందులో, జెరాక్సు షాపు మెట్ల కింద, ఒక బల్లా నాలుగు ఆకురాళ్ళూ పెట్టుకుని, జుట్టు నెరిసేదాకా ఊరివాళ్ళ తలుపులు మూయించిన మనిషి, తన ఇంటికి ఊరకుంటాడా? మూడో అంతస్తులోని ఆ ఇంటి తలుపు లోపలినుంచి తీయాలన్నా తాళంచెవి కావాలి. కిటికీలకు ఇనుప జాలీ. దోమ రావాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంత కోటలో దాచింది నగానట్రా కాదు, అక్కని. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఈమధ్య ఆవిడకు నిన్నటి సంగతి నిలవదు, చిన్ననాటిది చెదరదు. పోయిన వానాకాలం తలుపు తీసుకుని వెళ్ళిపోయి, చీకటి పడ్డాక ఎక్కడో బస్సు డిపోలో దొరికింది. దొరికింది కాబట్టి సరిపోయింది. మర్నాడే తలుపుకు ఈ తాళం పడింది.

"నన్ను జైల్లో పెట్టావట్రా?"

"నీ మంచికేనక్కా."

"జైలరూ అదే అంటాడు."

మతి పోయినా నాలుక పోలేదు.

ఒంటరితనానికి మందుగా ఒక పిల్లిని తెచ్చిపెట్టాడు. కొన్ని నెలలకు అది లావెక్కింది. అన్నం అరగడం లేదేమోనని సంచీలో వేసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె పొట్ట తడిమి, "బాబాయ్ గారూ, ఇది వట్టి పిల్లి కాదండీ" అంది.

"అంటే?"

"అంటే మీరు తాతగారవుతున్నారు."

"అసంభవమమ్మా. మా తలుపు నా తాళంచెవి లేనిదే తెరుచుకోదు."

"తలుపు తెరుచుకోనిదే ఇది అవదండీ" అంది డాక్టరమ్మ, చేతులు కడుక్కుంటూ. "వద్దనుకుంటే ఈ వారంలో ఆపరేషన్ చేసేస్తాను. ఆ తర్వాత నావల్ల కాదు. ఆలోచించుకుని చెప్పండి."

ఆయన దారిపొడుగునా ఆలోచించాడు, పిల్లి గురించి మాత్రం కాదు. తలుపు తెరుచుకుంది. ఎవరు తెరిచారు?

మర్నాడు పని మధ్యలో బల్ల మూసి, చెప్పులు చేత పట్టుకుని మెట్లెక్కి, తన ఇంటి మలుపులో తానే దొంగలా నక్కాడు. కాసేపటికి లోపల చప్పుడైంది. తాళంలో ఒక చెవి దూరింది, తిరగలేదు. బయటికి వచ్చింది. ఇంకొకటి దూరింది. పిల్లాడి ఏడుపు తల్లి గుర్తుపట్టినట్టు ఆ చప్పుడు గుర్తుపట్టాడు. పనికిరాని తాళంచెవుల డబ్బా! తాళాలవాడి ఇంట్లో అదొకటి అటక మీద ఉండనే ఉంటుంది. అక్క ఒక్కొక్కటే పెట్టి చూస్తోంది, తొందర లేకుండా, బఠాణీలు వలిచినంత నిమ్మళంగా.

తాళం తిరిగింది. ముందు పిల్లి వచ్చింది, వెనక ఆవిడ.

"ఎవరూ?"

"నేనేనక్కా."

"మా తమ్ముడు బడినుంచి వచ్చే వేళయిందయ్యా, ఎదురెళ్తున్నాను. దారిలో కనిపించాడా?"

"వస్తున్నాడు. మిమ్మల్ని ఇంట్లోనే ఉండమన్నాడు" అన్నాడు ఆయన.

అప్పటిదాకా ఆవిడ ఎన్నిసార్లు దిగిందో, ఎంత దూరం వెళ్ళిందో, ఏ దయగల దేవుడు వెనక్కి తిప్పాడో, అన్నిటికీ పిల్లి ఒక్కటే సాక్షి. అది తన వాంగ్మూలం పొట్టతో ఇచ్చేసింది.

డబ్బా షాపుకు తరలిపోయింది. సాయంత్రం ఆపరేషన్ మాటెత్తాడు. ఆవేళ అక్కకు అన్నీ తెలుస్తున్నాయి.

"కడుపుతో ఉన్నదాన్ని కోయిస్తావట్రా?"

"లోకంలో పిల్లులకేం కొదవక్కా?"

"తమ్ముళ్ళకీ కొదవ లేదు. పెంచలేదూ?"

ఆ తర్వాత వింత జరిగింది. ఆవిడ తలుపు వైపు చూడడం మానేసింది. పాత దుప్పటి పరిచిన అట్టపెట్టె పక్కనే కూచుని, తన భోజనం మరిచిపోయినా పిల్లి పాలు మరవలేదు. ఏ తాళమూ చేయని పని పిల్లి కడుపు చేసింది. వారం దాటకముందే ఆయన డాక్టరమ్మకు ఫోను చేసి, ఆపరేషన్ వద్దన్నాడు.

"పిల్లలు పుట్టాకో?"

"పుట్టాక చూద్దాంలే అమ్మా."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. అంతటితో ఆగక, తాళాలవాళ్ళ కులం వెలివేయదగిన పని ఒకటి చేశాడు: పగలు తలుపుకు తాళం వేయడం మానేశాడు. కింది వాటా కుట్టుపనావిడ పైకొచ్చి చూసిపోవడానికి వీలుంటుందని చెప్పుకున్నాడు. నిజానికి 'జైలరు' అన్న మాట ఆయనకింకా గుచ్చుకుంటోంది. అయినా షాపులో ఆకురాయి పట్టినప్పుడల్లా, కిందికి జారుతున్న ఆ పొట్ట గుర్తొచ్చి, అది ఖాళీ అయ్యాక అక్క మళ్ళీ తలుపు వైపు చూస్తుందేమోనని, చెయ్యి పక్కకు పోయేది. ఆ వారం చెడిపోయిన తాళంచెవులన్నీ అలా చెడినవే.

పిల్లలు పుట్టాయి. కళ్ళు తెరిచాయి. అక్క కదల్లేదు. ఆయన కాస్త ఊపిరి తీసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పాలపాకెట్టుతో వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పెట్టె ఖాళీ. పిల్లలు లేవు, అక్క లేదు. తల్లిపిల్లి గది గదీ తిరుగుతూ అరుస్తోంది. పిల్లల్ని అదే తీసుకెళ్ళి ఉంటే, అరవడమెందుకు?

రెండేసి మెట్లు దిగాడు.

"మీ అక్కగారా?" అంది కుట్టుపనావిడ, మిషను ఆపకుండానే. "బుట్టతో వచ్చారండీ. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పాలి కదా, దీనికి చేతకావడం లేదు, నేనే తిప్పుతున్నానన్నారు. కాసేపు ఇక్కడ దించి వెళ్ళారు. మాది రెండో ఇల్లట. నవ్వొచ్చిందనుకోండి."

"ఎప్పుడు?"

మిషను ఆగింది. "చాలాసేపైందండీ."

జీవితమంతా తలుపులు మూయించిన మనిషి ఆ వీధిలో తలుపులు బాదుకుంటూ వెళ్ళాడు. మూడో ఇంటివాళ్ళు బుట్టకు గుడ్డ కప్పి పంపారట. నాలుగో ఇంట్లో మంచినీళ్ళిచ్చారట. ఐదో ఇంటి పిల్లలు చుట్టూ మూగి ముచ్చటపడ్డారట. అందరూ మర్యాదస్తులే, ఒక్కరూ ఆపలేదు.

ఆరోది వీధి చివరి ఇల్లు. అరుగు మీద ముసలాయన పేపరు దించాడు.

"ఆవిడా? ఇంకొక్క ఇల్లే మిగిలింది, అదయ్యాక ఇక మా ఇంటికి వెళ్ళిపోతానంది."

"ఏ ఇంటికని అడిగారా?"

"అదేం ప్రశ్నయ్యా, ఎవరిల్లు వాళ్ళకి తెలీదూ?"

తాళాలాయన అరుగు దిగి అటు చూశాడు. వీధి అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఇళ్ళు లేవు, లారీలు పోయే పెద్ద రోడ్డే ఉంది.