అమాస కాగితం

మా పత్రికకు మా మామ పెట్టిన పేరు నోరు తిరగనంత పెద్దది. గద్వాల నేత వీధిలో ఆ పేరును నేను తప్ప ఇంకెవరూ పూర్తిగా పలికినట్టు గుర్తు లేదు. అందరూ "అమాస కాగితం" అనేవారు. అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం ముట్టరు. చేతులు ఖాళీగా ఉండే రోజు అదొక్కటే కాబట్టి పత్రిక ఆ రోజే రావాలని ఆయన పట్టు. అమావాస్య పూట పత్రికేమిటని పట్నం వాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ, మాకేం!

అది అచ్చు పత్రిక కాదు. అచ్చుకు సర్కారు అనుమతి కావాలి. అనుమతి అడిగితే పోలీసు అమీను ఇంటి మీదికి వస్తాడు. అందుకని చేతిరాతే. సరేసు జిగురూ గ్లిజరినూ కలిపి కాచి రేకు తట్టలో పోస్తే చల్లారాక జున్నులా గడ్డకడుతుంది. ఊదా సిరాతో రాసిన కాగితాన్ని దాని మీద బోర్లిస్తే అక్షరాలు దానికి అంటుకుంటాయి. ఆ పైన తెల్లకాగితాలు ఒక్కొక్కటే అద్ది తీస్తే నకళ్లు వస్తాయి. రాను రాను వెలిసిపోతాయి కూడా. బాగా వెలిసిపోయిన నకలు ఎదురింటికి పోయేది, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరికీ చదువు రాదు. పని అయ్యాక సరేసును మళ్లీ కరిగిస్తే అక్షరాలు చెరిగిపోయి తట్ట కొత్తదవుతుంది.

సరేసు కాచేది మా అత్త. పడుగుకు గంజి కాచిన చెయ్యి, ఉండ కట్టనిచ్చేది కాదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. రాత నాది. మా నాన్న రాజోలిలో పిల్లలకు చదువు చెప్పేవాడు, ఆయన పుణ్యాన నాకు నాలుగు అక్షరాలు అబ్బాయి. జరీ పోగులు చూసీ చూసీ మామకు కళ్లు మసకబారాయి. నేను కాపురానికి రాగానే కలం నా చేతిలో పెట్టాడు. ఆయన చెబుతూ ఉంటే నేను రాసేదాన్ని. నూలు ఎక్కడ దొరుకుతుంది, ఎవరింట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంది, పెబ్బేరు సంతకు ఎవరి బండి పోతుంది, వనపర్తి షావుకారు ఏ అంచు అడుగుతున్నాడు, ఇవే వార్తలు. లోకంలో యుద్ధం నడుస్తోందన్న సంగతి కూడా మాకు నూలు కరువు కిందే వచ్చింది.

ప్రతి పత్రికకూ మొదటి నకలును మామ చీరల పెట్టెలో వేపాకు పరిచి దాచేవాడు. అందులో ఒక్కటి కూడా పోకూడదు. తిండికి లేకున్నా ఓర్చుకునే మనిషి, ఆ పెట్టె జోలికి పోతే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు.

"రాజులకు శాసనాలున్నయి బిడ్డా, మనకేమున్నది?" అనేవాడు నాతో. "చీర నేస్తం, అది ఎవరి ఒంటి మీదికో పోతది. మన వీధి గిట్ల బతికిందని చెప్పనీకె ఈ పెట్టె ఒక్కటే మిగుల్తది."

అలాంటి పెట్టెకు ఎసరు వచ్చింది వీధి పెద్దాయన చావుతో. మామకు ఆయన గురువులాంటివాడు. మొదటి పుటంతా ఆయన గురించే రాయించాడు. రాస్తుంటే నాకూ కళ్లు చెమర్చాయి. బాగా రాశామని ఇద్దరం సంబరపడ్డాం. సాయంత్రానికి మోరీ కాలువ నిండా ఊదా ముక్కలు! వీధి వీధంతా పత్రికను చదివించుకుని చించి పారేసింది.

చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదవగానే చించెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. అది మా రివాజు. ఉత్తరానికున్న రివాజు పత్రికకూ అంటుతుందని మాకు తట్టలేదు. తట్టదు మరి, తల నిండా అక్షరాలే అయితే! మామ గబగబా లోపలికి వెళ్లి పెట్టె తీశాడు. ఆ నెల నకలు లేదు. అత్త ముందే తీసి చించేసింది.

"నీ చేతులిరగ! నువ్వేందే, నా పెట్టెల చెయ్యి పెట్టినవ్?"

"చావు కబురు ఇంట్ల దాస్తే ఇంకో చావును పిలిచినట్టే. గత్తర రోగంల ఇద్దరు పిల్లల్ని మన్నుల పెట్టిన. ఇంకెవర్ని పెట్టమంటవయ్యా?"

ఆయన పెట్టె మూసేశాడు. తర్వాత ఎన్నో రోజులు ఇద్దరికీ మాటల్లేవు. నడుమ నా తలకాయ తిన్నారు: "మీ అత్తకు చెప్పు", "మీ మామకు చెప్పు".

చివరికి మామే ఒక దారి కనిపెట్టాడు. ఇక మీదట చావు వార్త పత్రికలో ఉండదు. విడిగా చిన్న చీటీ రాసి మడతలో పెడతాం. చీటీ చదివి చించుకోండి, పత్రిక ఉంచుకోండి. వీధి ఒప్పుకుంది. అత్త కూడా ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది: చీటీ పని చివర్న పెట్టాలి, అది అయిన వెంటనే తట్ట కరిగించాలి. చావు అక్షరాలు తట్టలో కూడా నిలవకూడదట. ఎన్ని చీటీలు పోయాయో, అన్నిసార్లూ ఆమె పొయ్యి రాజేసి పెట్టుకుని నిలబడింది.

మామ ఒక చలికాలంలో పోయాడు. జ్వరం వచ్చింది, దవాఖానకు పోదామంటే వద్దన్నాడు. దినాలయ్యాక వచ్చిన అమావాస్యకు పత్రిక వెయ్యాలా మానాలా అని నేను ఊగిసలాడుతుంటే అత్త లేచి వచ్చింది. ఏడాది మూల కూర్చోవాల్సిన మనిషి, పొయ్యి ముందు కూర్చుని సరేసు కలిపింది. వీధి ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆమె పడలేదు.

ఆయన గురించి నిండు పుట రాయాలని నాకు ఎంత కోరికో! రాస్తే ఆ పత్రిక పెట్టెలో ఉండదు. ఆయన పెట్టిన పద్ధతే, ఆయనకే వచ్చింది. కోపంతో, ఏడుపుతో చీటీ రాశాను. మూడు ముక్కలు, ఆయన పేరు, అంతే. వీధంతా చదివించుకుని చించింది. మా ఇంటి నకలును అందరికంటే ముందు అత్తే చించింది. ఇప్పుడు ఆ పెట్టె ఎవరు తీసి చూసినా మా పత్రికలో మా మామ చనిపోయిన సంగతి లేదు.

ఆ సాయంత్రం పొయ్యిలో నిప్పు అలాగే ఆరిపోయింది. తట్ట మాత్రం పక్కనే ఉంది. దాని మీద ఆయన పేరు తిరగబడి, ఊదా రంగులో.

"అత్తమ్మా, తట్ట కరిగించలేదేంది?"

"అది కాగితం గాదు," అంది అత్త, నా వైపు చూడకుండా. తట్టకు గుడ్డ కప్పి అటక మీద పెట్టించింది. "వచ్చే అమాసకు ఇంకో తట్ట తెప్పియ్యి."

తెప్పించాను. పాతదాన్ని ఆమె మళ్లీ దింపమనలేదు. కొన్నాళ్లకు నేనే నిచ్చెనెక్కి గుడ్డ తీసి చూశాను. సిరా లోపలికి ఇంకిపోయి పేరు కనపడకుండా పోయింది. మళ్లీ కప్పేసి దిగి వచ్చాను. అత్త ఉన్నన్నాళ్లూ ఆ మాట ఆమెకు చెప్పలేదు.