నాను ఒప్పుకోనేదు

"రేపు పది గంటలకి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాం" అని ఫోన్ రాగానే నేను చేసిన మొదటి పని, కుట్టుమిషన్ల మధ్య నిలబడి ఈల వెయ్యడం. నలభై దాటిన ఆడదాన్ని, పైగా ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి డైరెక్టర్ని. ఈల వెయ్యకూడదని ఏ చట్టంలోనూ లేదు కదా! మిషన్ల మీద ఉన్న పన్నెండు మందీ కుట్టడం ఆపి చప్పట్లు కొట్టారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్ పేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో వెల్డర్లు తొడుక్కునే తోలు గ్లవ్స్ కుడతాం. ఒక పెద్ద ప్లాంటువాళ్లు మమ్మల్ని తమ సప్లయర్ల జాబితాలో చేర్చుకోవాలా వద్దా అని చూడ్డానికి వస్తున్నారు. చేర్చుకుంటే ఏడాది పొడుగునా పని. లేకపోతే ఈ పన్నెండు మందీ మళ్లీ దళారీల దగ్గర తోలు ముక్కలు మోసుకెళ్లి ఇంట్లో గుడ్డి వెలుగులో కుట్టుకోవాల్సిందే. మా అమ్మ ఇరవై ఏళ్లు అలాగే కుట్టింది. అందుకే నాకంత ఆత్రం.

ఊరికే షెడ్డు కాకుండా దీన్ని కంపెనీ చెయ్యాలన్నది నా పట్టుదల. కంపెనీ వేరు, మనం వేరు. దానికేదైనా కష్టమొస్తే మన ఇంటి గోడల దాకా రాదు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. నేను, అమ్మ, నాన్న ముగ్గురం డైరెక్టర్లం. టాటానగర్‌లో రైల్వే గార్డుగా రిటైరైన నాన్న చైర్మన్.

అయితే కంపెనీ అన్నాక పుస్తకాలుండాలి. సభ్యుల రిజిస్టరు, డైరెక్టర్ల రిజిస్టరు. వీటన్నిటికంటే నన్ను విసిగించింది మినిట్స్ పుస్తకం. డైరెక్టర్లు ఎప్పుడు కూర్చున్నారు, ఎవరెవరు వచ్చారు, ఏం తీర్మానించారు, ఏ తీర్మానానికి ఎవరు ఒప్పుకోలేదు, అన్నీ అందులో రాయాలి. పేజీలకు వరుస నంబర్లు వెయ్యాలి. చైర్మన్ సంతకం పెట్టాలి. రిజిస్టర్డ్ ఆఫీసులో, అంటే మా ముందుగదిలో ఉన్న బీరువాలో, ఎప్పటికీ దాచి ఉంచాలి. కంపెనీ పెట్టిన కొత్తలో ఆడిటరుగారు మా ఇంటికొచ్చి, టీ తాగుతూ ఇదంతా చెప్పారు. అమ్మ పక్కన కూర్చుని తలూపింది. నేను మాత్రం చెయ్యి ఊపేసి, ఎక్కడో దూరపు ఊళ్లో ఉన్న ఒక కన్సల్టెంటుకి ఆన్‌లైన్లో ఆ పని అప్పగించేశాను.

ఫోనొచ్చిన మధ్యాహ్నమే ఆయన పంపిన మినిట్స్ పక్కపేట అగ్రికోలో ప్రింటు తీయించి, నీలం అట్ట వేయించి పట్టుకొచ్చాను. అంతా ఇంగ్లీషు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నాన్న కళ్లజోడు కూడా పెట్టుకోకుండా సంతకాలు మొదలుపెట్టబోయాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండండి. ఇందులో ఏటి రాసుందో సదవే" అంది నాతో.

నేను గర్వంగా చదివి తెలుగులో చెప్పాను. "ఉదయం పదకొండు గంటలకి డైరెక్టర్లు ముగ్గురూ హాజరయ్యారు. కొత్త కుట్టుమిషన్‌ని వారి ఎదుట నడిపి పరీక్షించారు. అందరూ ఏకగ్రీవంగా సంతృప్తి వెలిబుచ్చారు."

"ఏ రోజునంట?"

తేదీ చెప్పాను. అమ్మ ఫక్కున నవ్వింది.

"ఓలమ్మా! ఆ రోజు విశ్వకర్మ పూజే గుంటా. మిషను నడిపేమా?"

నాకు తల కొట్టేసినట్టయింది. జంషెడ్‌పూర్‌లో ఆ రోజు కత్తెర కూడా ముట్టుకోరు. ప్లాంటు దగ్గర్నుంచి పంక్చరు బడ్డీ దాకా పనిముట్లన్నీ కడిగి, బొట్టు పెట్టి, దండలేసి దేవుడి ముందు ఉంచుతారు. మేమూ అంతే. రేపొచ్చే ఆఫీసరుగారు కూడా ఆ రోజు ప్లాంటులో ఏదో ఒక వర్క్‌షాపులో పూజకెళ్లి బూందీ తినే ఉంటాడు. దూరపు ఊరి కన్సల్టెంటుకి ఇదేం తెలుస్తుంది? ఖాళీగా కనబడిన తేదీ వేసేశాడు.

"అయితే మర్నాటి తేదీ వేయించి మళ్లీ ప్రింటు తీయిస్తా" అని లేచాను.

"తేదీ మారిస్తే మీటింగు జరిగిపోద్దేటి? మనం కూకోనేదు. నాను సంతకం ఎట్టను."

నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ పూట నోరు కూడా జారింది. "నీకేం తెలుసమ్మా ఇవన్నీ? నువ్వు పేరుకే డైరెక్టర్‌వి" అని అరిచేశాను.

నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ లేచి బీరువా తీసి, పట్టుచీరల కింద నుంచి ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. అట్ట మీద కుంకుమ బొట్టు ఉంది. తెరిచి చూస్తే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మూలన చేత్తో వేసిన నంబర్లు.

ఆదివారం పూట ఉప్మా తిన్నాక ముగ్గురం కంపెనీ సంగతులు మాట్లాడుకునేటప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఏదో రాసుకుంటూ ఉండేది. గ్లవ్స్ లెక్క అనుకునేదాన్ని. కాదు! ఆడిటరుగారు టీ తాగుతూ చెప్పిన ప్రతి ముక్కా ఆవిడ మనసులో పెట్టుకుంది. ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు, ఏం ఖాయం చేశారు, అన్నీ తెలుగులో ఉన్నాయి. ప్రతి మీటింగు కిందా నాన్న సంతకం, సంతకం పక్కన గంటలూ నిమిషాలూ. గార్డు ఉద్యోగం అలవాటు ఇంకా పోలేదు ఆయనకి. మూడేళ్లుగా ఆవిడ ముందు పెట్టినదల్లా సంతకం చేస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ నాతో అనలేదు.

విశ్వకర్మ పూజ నాటి పేజీలో ఇలా ఉంది: "ఈ రోజు మీటింగు లేదు. మిషన్లకు పూజ. ఈ పుస్తకం కూడా పూజలో పెట్టాను."

నేను ఎగిరి గంతేశాను. అమ్మని కావలించుకుని గుండ్రంగా తిప్పాను. "ఒగ్గే, పడిపోతాను!" అని ఆవిడ అరుస్తున్నా వదల్లేదు. మాకు మినిట్స్ పుస్తకం ఉంది! నిజంది, మూడేళ్లది!

ఆ సంబరం నలభై రెండో పేజీ దాకానే.

"పల్చటి తోలు కొందామని అమ్మాయి అంది. ఆయన సరే అన్నారు. నాను ఒప్పుకోనేదు. నిప్పురవ్వ పడితే సెయ్యి కాల్తాది."

ఆ తోలు కొన్నది నేను. ఆ గ్లవ్స్ మొత్తం తిరిగొచ్చాయి. దేవుడి దయ, ఎవరి చెయ్యీ కాలలేదు గానీ ఒక వెల్డరు గ్లవ్‌కి వేలు దూరేంత బొక్క పడింది. ఇప్పుడది అక్షరాల్లో ఉంది. ఇది చూస్తే ఎవరైనా మాకు పనిస్తారా? పేజీ మూల పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"సింపుదామనా?" అంది అమ్మ. "సింపీ. నలబయ్యొకటి తర్వాత నలబై మూడు వత్తాది. రేపొచ్చే ఆఫీసరడిగితే ఏటి సెప్తావు?"

చింపలేదు.

మర్నాడు సరిగ్గా పది గంటలకి ఆఫీసరు వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మది. గ్లవ్స్ కుట్లు లాగి చూశాడు, మిషన్లు చూశాడు, ముందుగదిలో కూర్చుని రిజిస్టర్లు చూశాడు. తరువాత అమ్మ పుస్తకం తెరిచి నవ్వాడు. తెలుగు ఆయనకి రాదు.

"మాల్ కభీ వాపస్ ఆయా?" అని అడిగాడు. సరుకెప్పుడైనా తిరిగొచ్చిందా అని.

'నహీ' అన్నమాట నా నాలిక చివరి దాకా వచ్చింది. ఆ గదిలో ఆ పుస్తకం చదవగలిగినవాళ్లం మేం ముగ్గురమే. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అమ్మ మాత్రం ముక్కాలి పీట మీద కూర్చుని నన్నే చూస్తోంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఊళ్లోనే ఉన్న మనిషి, హిందీ నాకంటే బాగా వచ్చు.

నలభై రెండో పేజీ తీశాను. ఒక్కొక్క ముక్కా హిందీలో చెప్పాను. పల్చటి తోలు కొందామన్నది నేనేనని, ఈ పుస్తకం రాసిన డైరెక్టరు వద్దన్నదని, అయినా కొన్నానని, సరుకు తిరిగొచ్చిందని.

"మనా కిస్‌నే కియా?" అన్నాడు, వద్దన్నది ఎవరని.

అమ్మ లేచి నిలబడి, చీర సర్దుకుని, "హమ్‌నే" అంది.

"తరవాత ఏమైంది?" అని అడిగాడు. పేజీ తిప్పి చదివాను. "అమ్మాయి తప్పు ఒప్పుకుంది. ఇక నుంచి తోలు ఎంత మందమో నాను చేత్తో చూశాకే కొనాలని తీర్మానం." ఆయన లేచి షెడ్డులోకి వెళ్లి, కొత్త తోలు కట్ట ఒకటి తెప్పించి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూసి, రెండు ముక్కలు తీసి పక్కన పారేసింది. ఆయన మందం కొలిచే గేజి పెట్టి చూశాడు. ఆ రెండే పల్చన!

వెళ్లేముందు నాతో హిందీలోనే అన్నాడు: "నేను చూసే పుస్తకాల్లో అందరూ అన్నిటికీ ఒప్పుకుంటారు. అందుకే నేను వాటిని నమ్మను."

నాలుగు రోజుల తరువాత మమ్మల్ని జాబితాలో చేర్చుకున్నట్టు ఉత్తరం వచ్చింది. ఈసారి పన్నెండు మందీ ఈల వేశారు. ఇద్దరికి రాలేదు, ఊదారు.

ఆ ఆదివారం ఉప్మా తిన్నాక అమ్మ పుస్తకం తెరిచింది. నేను గొంతు సవరించుకుని, "నువ్వు పేరుకే డైరెక్టర్‌వి అన్న మాటని వెనక్కి తీసుకుంటున్నానని రాయమ్మా" అన్నాను. నాన్న వెంటనే తలూపాడు.

అమ్మ పెన్ను ఎత్తి పట్టుకుంది. "నాను ఒప్పుకోనేదు."

"ఇదేమిటమ్మా!"

"మాట ఎనక్కెలగొత్తాదే? పేజీ సింపినట్టు గాదూ? అన్నావని రాత్తాను. తప్పని తెలుసుకున్నావని రాత్తాను. రెండూ ఉండాల."

రెండూ రాసింది. కింద నన్ను కూడా సంతకం పెట్టమంది. పెట్టాను. నాన్న గడియారం చూసి, తన సంతకం పక్కన గంటలూ నిమిషాలూ వేశాడు.