ఇరవై నాలుగు గళ్ళ అమ్మ

నేను గీసిన మొదటి బొమ్మ చూసి అమ్మ అడిగింది: "ఎవరే ఈమె? మనింటికెప్పుడన్న ఒచ్చిందా?"

ఆ బొమ్మ అమ్మదే. మూడు ఆదివారాలు కూర్చుని గీశాను.

నేను ఎల్బీనగర్‌లో ఒక ల్యాబులో రక్తం తీస్తాను. మనుషుల మోచేతులు తప్ప ముఖాలు చూడటమే మానేశానని ఒకరోజు ఉన్నట్టుండి తట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల షాపు పైన బొమ్మల క్లాసు బోర్డు ఉంటే ఆ ఆదివారమే మెట్లెక్కేశాను. అప్పటికి నాకు నలభై దాటాయి. నాది ఆలోచించి దిగే బాపతు కాదు, దిగాక ఆలోచించే బాపతు.

క్లాసు చెప్పే సారుది కృష్ణా జిల్లా వైపు. నా మొదటి బొమ్మను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "ఫోనులో తీసిన ఫోటో పెట్టుకుని గీశారు కదమ్మా," అన్నారు. "దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బుతుందండీ. పైగా అది ముడతలన్నీ తుడిచేస్తుంది. పాతదైనా పర్లేదు, ఒక డిజిటల్ కెమెరా చూసుకోండి. దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి."

సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను. ఫోటో తీస్తానంటే అమ్మ పట్టుచీర కట్టుకుని, గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఓటరు కార్డుకు భేషుగ్గా సరిపోయే ఫోటో. దాన్ని చూసి గీసిన రెండో బొమ్మకు, "ఈమె జర నయం. కని నేను గాదు," అంది. నాయిన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాగాలేదని అర్థం.

ఇంతలో సారు కొత్త పేచీ పెట్టారు. వచ్చే ఆదివారం క్లాసు గోడలకు అందరి బొమ్మలూ పెడతారట. ఎవరి బొమ్మ గీశామో వాళ్ళను వెంటబెట్టుకొచ్చి ఆ బొమ్మ కిందే కూర్చోబెట్టాలట. అమ్మ తెగేసి చెప్పింది.

"నా తీరు ఉంటె ఒస్తా. లేకుంటె రాను. ఎవరిదో మొకం కింద నేనెందుకు కూసోవాలె?"

నాకు కోపం వచ్చింది కానీ, ఆమె అన్నదాంట్లో తప్పేముంది? పెళ్ళి ఫోటోలో కూడా తల వంచుకునే ఉన్న మనిషి. ఇది నీ ముఖం అని ఆమె ఒప్పుకునేలా ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. నేను చూపించాలని పట్టుదల పట్టుకుంది.

శుక్రవారం పొద్దున అమ్మ బాల్కనీలో తోటకూర గిల్లుతోంది. పక్క నుంచి ఎండ పడుతోంది. నేను ఇంటి లోపలి నుంచి, కిటికీ చాటున నిలబడి జూమ్ చేశాను. కింద కూరగాయల బండాయనతో ఎవరో బేరమాడుతుంటే అమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. సరిగ్గా అప్పుడే నొక్కాను. తెర మీద ఆ ఫోటో చూసుకుని ఇల్లంతా గంతులేశాను. "పిచ్చి లేసిందా ఏంది," అంది అమ్మ, తోటకూరలోంచి తలెత్తకుండా.

ఆ గంతులు శనివారం మధ్యాహ్నం దాకే. ఫోటో ఎంత బాగున్నా కాగితం మీదికి మళ్ళీ ఆ "ఎవరే ఈమె" వచ్చి కూర్చుంటోంది. తెల్లారితే ఆదివారం. లాప్‌టాప్‌లో ఫోటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, కంటి దగ్గర పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను. చివరికి కన్ను పోయి బూడిదరంగు గళ్ళు మిగిలాయి. ఒళ్ళు మండి చేతిలో రబ్బరు విసిరికొట్టాను. ఛాయ్ గ్లాసుతో అటు వెళ్తున్న నాయిన దాన్ని తీసి ఇవ్వబోతూ, తెర చూసి ఆగిపోయాడు.

"గిది గ్రాఫే గద బిడ్డా."

నాయిన పోచంపల్లి పక్క ఊళ్ళో చాలా ఏళ్ళు మగ్గం నేశాడు. చీర మీద ఏనుగు రావాలన్నా చిలక రావాలన్నా ముందు దాన్ని గ్రాఫు కాగితం మీద గళ్ళుగా గీసేవాడు. ఆ గళ్ళ లెక్కన దారానికి రబ్బరు ముక్కలు కట్టి రంగులో ముంచేవాళ్ళు. కట్టిన చోట రంగెక్కదు. నగరానికి వచ్చాక ఆయన ఆ ఊసే ఎత్తలేదు. నా కెమెరా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నువ్వు కన్ను గీస్తున్నవు. గందుకే తప్పుతున్నవు. ఏనుగు నేసెటప్పుడు మేము ఏనుగును చూస్తమా? గడిని చూస్తం."

బొమ్మలో తప్పుతున్నవి కళ్ళూ నోరే. కళ్ళకొకటి, నోటికొకటి ఫోటోలోంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒక్కోటి అడ్డంగా ఇరవై నాలుగు గళ్ళే, నలుపు, తెలుపు, రెంటికీ నడిమి బూడిద అని మూడే ఛాయలు ఉండేలా కుదించాను. కాగితం మీద కూడా ఆ రెండు చోట్లా అన్నే గళ్ళు గీశాను. నాయిన కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పై వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు. "నలుపు నాలుగు, నడిమి పది, తెలుపు రెండు, నడిమి ఎనిమిది." నేను పెన్సిల్‌తో నింపుతున్నాను. ఏం గీస్తున్నానో నాకే తెలియదు. చేతికి అంత హాయి ఎప్పుడూ తెలియలేదు.

వరుస అయ్యేసరికి వంటింట్లోంచి "ఆఁ" అని వినిపించింది. అమ్మ ఫోనులో ఉందనుకున్నాను. ఇంకో వరుస, ఇంకో "ఆఁ". నాయిన గొంతు పెంచాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఊళ్ళో ఆయన గ్రాఫు చదువుతుంటే దారానికి రబ్బరు కట్టింది అమ్మే. వరుస అయిందని "ఆఁ" అంటేనే ఆయన కింది వరుసకు దిగేవాడు. నేను ఆ పక్కనే కూర్చుని ఎక్కాలు రాసుకునేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత ఆ లెక్క మా ఇంట్లో మళ్ళీ నడుస్తోంది, అదీ అమ్మ ముఖం మీద. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

కళ్ళు పూర్తయ్యాయి. నోటి దగ్గరికి వచ్చాం.

"నలుపు రెండు, నడిమి ఏడు, తెలుపు ఆరు, నడిమి ఐదు, నలుపు మూడు."

ఈసారి "ఆఁ" రాలేదు. గరిటె పట్టుకుని అమ్మే వచ్చింది.

"ఆగుండ్రి. ఇరవై మూడే ఐనయి. ఒకటి యాడనో ఇడిసిపెట్టిండ్రు."

నాయిన తెరకు ముక్కు ఆనించి మళ్ళీ లెక్కపెట్టాడు. నిజమే. చివర్లో నలుపు నాలుగుంది. పెదవి మూల ఒక గడి. చెరిపి, ఆ గడి నింపాను. తక్కిన వరుసలకు అమ్మ గుమ్మంలోనే నిలబడి "ఆఁ" అంది.

గళ్ళ అంచులు వేలితో అలికి, కాగితాన్ని గోడకు ఆనించి, ముగ్గురం వెనక్కి జరిగాం. ఆ మూల గడి దగ్గర నవ్వు ఆగి ఉంది, శుక్రవారం బాల్కనీలో ఆగినట్టే. అమ్మ చాలాసేపు చూసింది. స్టవ్ మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తున్నా కదల్లేదు.

"రేపు గాడ కుర్చీలుంటయా," అంది చివరికి, "కింద కూసోవాల్నా?"

ఉంటాయని చెప్పాను. నాకేం తెలుసు? లేకపోతే ఇంట్లోంచే ఒకటి మెట్రోలో మోసుకెళ్తాను.