కరెంటు లేని బ్యాచ్

తొంభైల నడుమ సూర్యాపేటలో ఓ బట్టల దుకాణం పైన కంప్యూటర్ సెంటర్ తెరిచారు. పదో తరగతితో చదువు ఆగిపోయిన మా చిన్న ఆడబిడ్డను అక్కడ చేర్పించడానికి తీసుకుపోయాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కంప్యూటర్ ఆపరేటర్ కావాలని అప్పటికే విన్నాం. అది దక్కకపోతే ఆ పిల్ల మళ్ళీ సొంతూరు ఆత్మకూరు పోయి నాట్లు వేయాల్సిందే.

సెంటర్ నడిపే సారుది కోదాడ. మనిషి మహా మర్యాదస్థుడు. తిట్టడానికి సందివ్వడు.

"డిగ్రీ లేనివాళ్ళకి కంప్యూటర్ కష్టమండీ," అన్నాడు.

"నాకు బి.ఏ. ఉన్నది సార్. మీ డబ్బాకు స్విచ్ ఏడున్నదో నాకు తెల్వది. మరి గా డిగ్రీ ఏం పనికొచ్చినట్టు?"

"మీరు వాదిస్తున్నారండీ."

"వాదిస్తలేను, అడుగుతున్న."

ఆడబిడ్డ నా కొంగు గుంజింది. "వదినా, జర ఊకో. సేర్చుకునేటాయన గూడ సేర్చుకోడు."

చేర్చుకున్నాడు. డిగ్రీ వాళ్ళకు పొద్దున బ్యాచ్. పదో తరగతి వాళ్ళకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. అప్పట్లో మా పేటలో కరెంటు కోత కూడా సరిగ్గా రెండు నుంచి నాలుగే! పిండిగిర్నీ వాడికి తెలిసిన సంగతి కంప్యూటర్ సారుకు తెలియదంటే నేను నమ్మను. బ్యాచ్ మార్చమని పోట్లాడితే, "పొద్దున ఖాళీ లేదండీ," అనేవాడు, అదే మర్యాదతో.

పిల్లలు చెప్పులు బయట విడిచి, ఉక్కపోసే ఏసీ గదిలో, వెలగని తెర ముందు కూర్చునేవాళ్ళు. ఒక్కో మీట నొక్కి, తెర మీద ఏం రావాలో సారుకు గట్టిగా చెప్పాలి. "ఆరు వచ్చింది సార్!" "ఎంటర్ కొట్టిన, కిందికొచ్చింది సార్!" కింద చీరలు బేరమాడే ఆడవాళ్ళు, పైన ఎక్కాల బడి పెట్టారనుకునేవాళ్ళు.

మిల్లు పరీక్షకు నేనూ వెంట పోయాను. డిగ్రీ లేదని వెనక్కి పంపితే వాళ్ళను ఏమని దులపాలో బస్సులోనే కంఠస్థం చేసుకున్నాను.

మిల్లులో జనరేటర్ ఉంది. డిగ్రీ అబ్బాయిలు చడీచప్పుడు లేకుండా టైపు కొట్టి లేచారు. మా పిల్ల వెలిగే తెర ముందు కూర్చోవడం అదే మొదలు. వడ్ల తూకాలు రాసిన కాగితం చేతికివ్వగానే, అలవాటు కొద్దీ గొంతెత్తింది.

"ఏడు వచ్చింది సార్! ఐదు వచ్చింది సార్! ఎంటర్ కొట్టిన, కిందికొచ్చింది సార్!"

గుమాస్తాలు నోటికి తువ్వాలలు అడ్డం పెట్టుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "మెల్లగ, పిల్లా!"

"మెల్లగ జెప్తే సారుకు ఇనబడది గద వదినా!"

పక్క మంచం మీద కునుకు తీస్తున్న మిల్లు సేటు లేచి కూర్చున్నాడు. పెద్దాయనకు చూపు సరిగా ఆనదు.

"ఆపకు బిడ్డా. గీళ్ళంత మూగనోము పట్టినట్టు కొడుతున్నరు. లోపటికి ఏం బోతుందో నాకెట్ల ఎరుక? నువ్వు రేపటిసంది రా."

"డిగ్రీ లేదు సేటూ," పెద్ద గుమాస్తా గొణిగాడు.

ఇదే అదను. గొంతు సవరించుకుని లేచాను.

"గామె ఎవరు?" అన్నాడు సేటు.

"మా వదినె. బి.ఏ. సదివింది."

"అట్లనా? కూసోమను. నాకు ఒక్క గొంతు సాలు."

కూర్చున్నాను. నేను నోరు తెరిస్తే ఆ పిల్ల ఉద్యోగం పోతుందేమోనని, మిల్లు గేటు దాటేదాకా పెదవి విప్పలేదు.