వదిన బొమ్మ అంటించిన సీడీలో గొంతెవరిది?

ఇలా వచ్చి కూర్చో. ఆ ఫోను బోర్లించి పెట్టు. సరిగ్గా విను, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నవ్వావంటే మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను, నీ ఇష్టం.

అప్పటికి నీకు మూడేళ్ళుంటాయేమో. రెండువేల పదో, పదకొండో, సరిగా గుర్తులేదు. చిక్కడపల్లిలో మేడమీద వాటాలో ఉండేవాళ్ళం. మా వదిన, అంటే మీ తాతయ్య అక్కగారు, అశోక్‌నగర్‌లో ఉండేది. మా వాళ్ళలో ఏ పెళ్ళి జరిగినా అప్పగింతల పాట వదినదే. ఆవిడ ఎత్తుకుందంటే మగపెళ్ళివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అలాంటిది ఆవిడకి గొంతు ఆపరేషనయింది. ఆ తర్వాత మాటే గుసగుసలా వచ్చేది, ఇంక పాటెక్కడ? మరుసటేడే మనవరాలికి పెళ్ళి కుదిరింది. పాడలేనని ఆవిడ ఎప్పుడూ అనలేదు గానీ, ఎవరైనా పాటల ఊసెత్తితే పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

అప్పుడు గుర్తొచ్చింది క్యాసెట్టు. ఎప్పుడో వదిన కూతురి పెళ్ళిలో, ఆడవాళ్ళ మధ్య టేప్‌రికార్డరు పెట్టి ఎవరో నొక్కారు. అందులో ఆ పాటుంది. దాన్ని సీడీ చేసి పెళ్ళిలో వేయిస్తే, వదిన తన పాట తనే వింటుంది కదా! చుట్టాలకి కూడా తలొకటి పంచుదామనుకున్నాను. నారాయణగూడలో ఫ్లైఓవరు పక్కన శుభలేఖలు, స్టిక్కర్లు వేసే షాపు ఒకటుండేది. ఆ షాపాయన క్యాసెట్టులోంచి పాటని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. సీడీలు నేనే చేస్తానని పన్నెండు ఖాళీవి కొనుక్కొచ్చాను. ఎందుకన్నానో మరి!

మీ అమ్మ నేర్పింది. కంప్యూటర్లో ఒక బొమ్మ నొక్కితే రెండు అరలు తెరుచుకుంటాయి. పై అరలో ఉన్న పాటని పట్టుకుని కింది అరలోకి ఈడ్చాలి. పట్టుకోవడం వచ్చింది, వదలడం ఎక్కడో తెలియలేదు. ఎలాగో ఈడ్చి బర్న్ అని నొక్కితే పచ్చగీత మెల్లిగా నిండింది, నిండగానే సొరుగు దానంతటదే బయటికొచ్చింది. నేను దణ్ణం పెట్టాను. తీరా ఆ సీడీ కంప్యూటర్లో పాడుతుంది, టీవీ కింది ప్లేయర్లో పాడదు!

"ఆడియో సీడీ అని వేరే ఉంటుంది అత్తయ్యా, అది నొక్కి చెయ్యాలి. మీరు ఫైలుగా రాశారు," అంది మీ అమ్మ.

"పాట ఒకటేగా?"

"పాట ఒకటేనండీ, రాసే పద్ధతి వేరు."

"పోనీ ఇది చెరిపి మళ్ళీ రాయి."

"ఇవి ఒకసారి రాస్తే అంతే అత్తయ్యా."

ఏమిటో, నాకు ఇవాళ్టికీ అర్థం కాలేదు. ఇంకోటి, అంత పళ్ళేనికి ఒక్కటే పాట. మిగతా చోటంతా ఖాళీగా పోతోందే అని నా బాధ. మొత్తానికి ఒకటి పాడయి పదకొండు తేలాయి.

తర్వాత లేబుళ్ళు. గుండ్రటి స్టిక్కరు, దాని మీద వదిన ఫొటో, కింద ఆవిడ పేరు. షాపాయన కంప్యూటర్లో చూపించి, "ఫొటో నడుమ పెడితె బెజ్జం సక్కగ ముక్కు మీదికే వస్తదమ్మా. జర పక్కకి జరుపుదమా?" అన్నాడు. నేను చూసేసరికి వదినకి ముక్కు లేదు! జరపవయ్యా బాబూ అన్నాను. ఇంటికొచ్చి పదకొండూ నేనే అంటించాను. ఒకటి కాస్త వంకర పోయింది.

ఇప్పుడు విను, అసలు సంగతి. పెళ్ళికిచ్చే వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎలా ఇస్తాం? శుభలేఖకైతే నాలుగు మూలలా పసుపు రాస్తాం. దీనికి మూలలే లేవాయె! బొమ్మ వైపు పెడదామంటే వదిన మొహం. వెనక్కి తిప్పితే అద్దంలా ఖాళీగా ఉంది. సరే అని బెజ్జం చుట్టూ నాలుగు పసుపు చుక్కలు, వాటి మధ్య కుంకుమ. పదకొండింటికీ. ఆరబెడితే ఎంత కళగా ఉన్నాయో!

ఒకటి పట్టుకుని వదినింటికి వెళ్ళాను. ప్లేయర్లో వేశాం. రెండో చరణం దాకా బాగానే వచ్చింది. "గడప దాటి" అనే చోట పట్టేసింది. గడప... గడప... గడప... ఆగదు! నేను కంగారుపడి లేచాను. వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చెవొగ్గి ఆ ఒక్క ముక్కే పదిసార్లు విన్నది. విని, గుసగుసగా, "ఇది నేను కాదే, నువ్వు," అంది.

"అదేంటి వదినా! నీ పాట."

"పాట నాదే. ఆ 'ప' దగ్గర నేనలా సాగదీయను. నీలా సాగదీసేవాళ్ళు ఈ భూమ్మీద లేరు."

ఆ సీడీ తీసుకుని ఆటో ఎక్కి నేరుగా షాపుకి పోయాను. ఆయన సీడీ తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

"గిదేంది పెద్దమ్మా! గీ మెరిసే దిక్కే పాట ఉంటది. దీనికి పూజ జేసినవా?"

"పెళ్ళిది నాయనా, బొట్టు పెట్టాలి కదా."

"పెట్టాలె, గని ఇక్కడ గాదు."

మెత్తటి గుడ్డతో లోపల్నుంచి బయటికి తుడిచాడు. వేస్తే చక్కగా పాడింది. మిగతావీ అలాగే తుడుచుకోమన్నాడు.

"సరే గానీ, ఈ గొంతు ఎవరిదంటావు?" అన్నాను.

"నేనెట్ల చెప్తనమ్మా? మీ ఇద్దరు పాడంగ నేనెప్పుడన్న విన్ననా?"

"పోనీ లేబులైనా పీకేద్దామా?"

"పీకితె దానెంబడి మీది పొర గూడ ఊడొస్తది. పాట మొత్తం పోతది."

ఇంకేం చేస్తాను? తుడిచినవి తుడిచినట్టే పెళ్ళికి పట్టుకుపోయాను. అప్పగింతలప్పుడు మైకు పెట్టెల్లోంచి పాట మోగింది. వదిన కుర్చీలోంచి లేవలేదు. పాట అయిపోయాక చుట్టాలందరూ వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని, "ఏం గొంతు వదినగారూ, అమృతం!" అంటున్నారు. ఆవిడ నావైపు వేలు చూపిస్తుంది, నేను ఆవిడవైపు చూపిస్తాను. పెళ్ళికూతురికి ఎవరి కాళ్ళకి దణ్ణం పెట్టాలో తెలియక ఇద్దరికీ పెట్టింది. వదిన నా చెవిలో, "కాదంటే వినవేంటే మొద్దూ," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

మొన్న మళ్ళీ వేసి విన్నాను. మొదటి చరణం వదినదే, ఒట్టు. రెండో చరణమే ఎవరిదో తేలదు. సొంత కూతుర్ని పంపుతూ ఆవిడ అసలు చివరిదాకా పాడగలిగిందా అని ఇప్పుడనిపిస్తోంది. మధ్యలో గొంతు పూడుకుపోయి ఆగిపోతే, పక్కన కూర్చున్న నేను అందుకుని... ఆఁ? వడ్డించేశారా? వస్తున్నా, వస్తున్నా, చారు చల్లారిపోతుందని మీ అమ్మ కేకలేస్తోంది, లే. అదే, నేనందుకుంటే వదిన నా భుజమ్మీద చెయ్యేసి... సరే, మిగతాది తిన్నాక రాద్దువు గానీ, పద.