ఎర్రపిల్లల మీద వేసిన గాలం

రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగు పుత్తూరు వైపు. మత్స్యశాఖలో అభివృద్ధి అధికారిని. పైన సహాయ సంచాలకుడికి నివేదికలు పంపాలి, కింద చెరువుల మీద బతికే జాలర్ల సంఘాలతో పని చేయాలి. నేను చేరిన రెండో ఏడు జూలైలో, తొలి వానలకు చెరువుల్లో కొత్త నీరు చేరిన రోజుల్లో, ఒక సంఘం ఫిర్యాదు ఇచ్చింది. బయటివాళ్లు గాలాలతో తమ చెరువులోని కొర్రమీనులను పట్టుకుపోతున్నారని దాని సారాంశం.

లీజు ప్రకారం ఆ చెరువులో చేపల హక్కు సంఘానిదే. అనుమతి లేకుండా పట్టేవారి సరంజామాను పంచనామా రాసి స్వాధీనం చేసుకోవచ్చు. సంఘం అధ్యక్షుడు మునిరత్నం యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఒక ఆదివారం పొద్దున్నే ఆయనతో కలిసి చెరువుకట్ట మీదికి వెళ్లాను.

తూము దగ్గర ఒకతను గాలం వేస్తూ దొరికాడు. పేరు సెల్వం, శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో పని. మామూలుగా కొర్రమీనుకు బతికున్న కప్పను గుచ్చుతారు. ఇతను కోడి ఈకలను ఎర్ర దారంతో కొక్కేనికి కట్టి, నీటి మీద పురుగు గెంతినట్టు ఆడిస్తున్నాడు. పక్కన తడి గోనెసంచిలో పెద్ద కొర్రమీను కదులుతోంది.

మునిరత్నం గాలంకర్ర లాక్కుని, "ఇరిసేస్తా మేడమ్" అన్నాడు. ఆగమన్నాను. చేప ఎక్కడ పడిందని సెల్వాన్ని అడిగాను.

"ఆడ మేడమ్. నీళ్లు ఎర్రగా ఉడికినట్టు ఉండాది సూడండి. దాని మింద ఎర ఏస్తే సాలు, దబ్బున వచ్చి పట్టేస్తాది" అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ ఎరుపు కొర్రమీను పిల్లలది. వందల పిల్లలు గుంపుగా గాలి కోసం పైకి వస్తాయి. తల్లీ తండ్రీ చేపలు కిందే కాపలా ఉంటాయి. అవి ఎరను పట్టేది ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చిందాన్ని తరమడానికి. ఇది సెల్వానికి చెప్పి, కాసేపు చూడమన్నాను. ముగ్గురం కట్ట మీద కూర్చున్నాం. అంచుల నుంచి పిల్లల్ని తినే జిలేబి చేపలు వచ్చాయి. ఒక నీటికాకి మునిగి లేచింది. కాపలా తగ్గిన ఆ చాపంత ఎరుపు మూడు ముక్కలైంది.

"నాకు తెలవదు మేడమ్. ఆకలికే పడతాదనుకున్నాను" అన్నాడు సెల్వం. సంచి విప్పాడు. తడి ఆరకపోతే కొర్రమీను నీటి బయట చాలాసేపు బతుకుతుంది. మోకాటిలోతు దిగి, రెండు చేతులతో నీళ్లలో పట్టుకుని వదిలాడు. అది పిల్లల దగ్గరికి చేరిందో లేదో చెప్పలేను. నీరు మురికిగా ఉంది.

అయినా కేసు రాయాల్సిందేనని మునిరత్నం పట్టుబట్టాడు.

"రాయండి మేడమ్, తప్పు నాదే" అన్నాడు సెల్వం. "పోయిన వారం ఇద్దరు దోమతెర పెట్టి ఈ ఎర్రపిల్లల్ని బిందెల్లోకి తోడుకోని పోయినారు. వాళ్లు సంఘం తెప్పలోనే వచ్చినారు. అదీ రాయండి."

మునిరత్నం చేతిలోని గాలంకర్రను కట్ట మీద పెట్టాడు. "మా బామ్మర్ది మేడమ్" అన్నాడు. "గుంటల్లో చేపలు పెంచేటోళ్లకి అమ్ముతాడు. నేను గెట్టిగా వద్దనలేకపోయినాను."

అప్పుడు నాకు నా సంతకం గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడు ఒక రైతు కొర్రమీను గుంటను తనిఖీ చేశాను. పిల్ల ఎక్కడిదన్న గడిలో 'స్థానిక సేకరణ' అని రాసి ఉంటే అడగకుండా సంతకం పెట్టాను. హేచరీలో కొర్రమీను పిల్ల సులువుగా దొరకదని, అది ఇలా చెరువుల్లోంచి తోడిందే అయ్యుంటుందని నాకు తెలుసు. ఆ సంగతి వాళ్లిద్దరికీ అక్కడే చెప్పాను. ఫిర్యాదుదారు ఎదుట అధికారి తన తప్పు చెప్పుకోవడం పద్ధతి కాదు. కానీ అది చెప్పకుండా మునిరత్నం చేత బావమరిది పేరు రాయించడం నా వల్ల కాలేదు.

పంచనామాలో గాలంతో పాటు దోమతెర సంగతీ రాశాను. బావమరిది పేరు మునిరత్నమే చెప్పి సాక్షిగా సంతకం చేశాడు. "ఈ పొద్దు నాకు ఇంట్లో సంగటి పుట్టదు మేడమ్" అన్నాడు, కలం తిరిగిస్తూ.

సంఘం సమావేశం గొడవగానే జరిగింది. బావమరిది ఏడాది పాటు ఆయన గడప తొక్కలేదు. కానీ తీర్మానం నిలిచింది. తొలి వానల నుంచి పిల్లలు చెదిరిపోయేదాకా ఎర్రగుంపు మీద వలగానీ గాలంగానీ వేయకూడదు. ఆ తర్వాత బయటివాళ్లు పాసు తీసుకుని గాలం వేసుకోవచ్చు. సెల్వం సెలవు రోజుల్లో వచ్చి గుంపులు ఎక్కడున్నాయో చూసి చెప్పేవాడు. మునిరత్నం అక్కడ గుర్తుగా కర్రలు పాతించేవాడు. నా తనిఖీ పత్రం సంగతి పై అధికారికి నేనే రాసి పంపాను, మెమో అందుకున్నాను.

మరుసటి ఏడు ఎర్రపిల్లలు కనిపించాయి. మునుపటికన్నా ఎక్కువా తక్కువా అన్నది చెప్పను, లెక్కపెట్టినవారు లేరు. చెరువులో చేప తగ్గిందంటే మేం ముందు బయటివాణ్ణి వెతుకుతాం. ఫిర్యాదు చేసినవారినీ, తనిఖీ చేసినవారినీ అవే ప్రశ్నలు అడగాలని ఆ పొద్దున నేర్చుకున్నాను. అప్పటికి నా సర్వీసు పద్దెనిమిది నెలలే మిగిలింది.