చౌడు గుంటలోంచి అమ్మ లేచి వచ్చింది

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే నాకు ఆవులింత వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. వై.ఎన్.హొసకోటలో బట్టలు కుట్టే పని నాది. టేపుకు అందని దాన్ని నమ్మే అలవాటు లేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పి తిట్లు తినేది నేనే. ఇప్పుడు ఈ సంగతి చెబితే మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఎనభైల చివర్లో మాట. అప్పుడు మేం వల్లూరు దగ్గర ఉండేవాళ్ళం. తాతల నాటి గొర్రెలు పోయి సేద్యంలోకి దిగిన ఇల్లు మాది. ఉన్న పొలమంతా శెనక్కాయే. వానలు మాత్రం మొహం చాటేసిన ఏళ్ళవి.

అమ్మకు నలభై రాకముందే మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మొదట వంగలేకపోయింది, తర్వాత లేవలేకపోయింది, చివరికి పొయ్యి దగ్గరికి కూడా దేకుతూ వచ్చేది. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని, అది ఎముకల్లో చేరిందని, ఇక నయం కాదని డాక్టరు చెప్పాడు. నేను ఆ మాట నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. ఇంటికి వచ్చాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "దేక్కుంటా బతికేది నాతో అయ్యేది కాదు పాపా" అంది.

మా ఊరికి దూరంగా గుట్టల కింద ఒక చౌడు గుంట ఉండేది. నేలంతా ఉప్పు పేరుకుని తెల్లగా కనిపించేది. వెనకటికి కాళ్ళు పడిపోయిన గొర్రెను తెచ్చి అందులో పడుకోబెట్టేవాళ్ళట. తెచ్చినవాళ్ళు వీపు తిప్పి కూర్చోవాలి. పిలవకూడదు. గొర్రె తనంతట తానే లేచి రావాలి. ఈ పద్ధతి మా అవ్వకు, అంటే నాయన తల్లికి, బాగా తెలుసు.

"గొర్రెను లేపిన మన్ను మనిసిని లేపదా? బండి కట్టుప్పా" అని నాయనతో అంది.

అమ్మేమన్నా గొర్రెనా అని నేను గొణిగాను. అమ్మ నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది కాబట్టి నోరు మూసుకుని బండెక్కాను.

మేం పోయేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. గుంటలో తెల్లటి పొర కాళ్ళ కింద పటపట విరిగింది. నేను చేత్తో గీకి చూశాను, లోపల కూడా తడి లేదు. నాయన అమ్మను ఎత్తుకుపోయి మధ్యలో పడుకోబెట్టి, ఎద్దులను నీడకు తోలుకుపోయాడు. నేను గట్టు మీద వీపు తిప్పి కూర్చున్నాను.

కాసేపటికి ఎండ మెత్తబడినట్టైంది. సున్నం తడిపినప్పుడు వచ్చే వాసన వెచ్చగా వీచింది. వెనక గొర్రెల మంద వచ్చి పడుకుంటున్న చప్పుడు. నెమరు వేయడం, ముక్కుల్లోంచి పొడుగ్గా ఊపిరి వదలడం, ఒకదాన్నొకటి రాసుకుంటూ సర్దుకోవడం, అన్నీ వినిపించాయి. మేత లేక ఆ ఏడు మందలన్నీ దిగువకు పోయాయని నాకు తెలుసు. అయినా భయం వేయలేదు. నన్ను కూడా ఎవరో మంద మధ్యకు చేర్చుకున్నట్టు ఒళ్ళంతా హాయిగా తేలిపోయింది. తిరిగి చూడాలన్న ఆలోచనే రాలేదు. నిద్రపోయానేమో, చెప్పలేను.

భుజం మీద తడి చేయి పడింది. చూస్తే అమ్మ. నిలబడి ఉంది.

"పోదాం పా. కాళ్ళు తేలికైనాయి" అంది, అంతే.

మోకాళ్ళ పైదాకా తెల్లటి బురద. ఆమె పడుకున్న చోట నేల మెత్తబడి రెండు కాళ్ళ అచ్చులు లోతుగా ఉన్నాయి. చుట్టూ గొర్రె గిట్టల గుర్తులు. నాయన వచ్చి చూసి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అమ్మ బండి పట్టుకుని, ఆగుతూ ఆగుతూ ఊరిదాకా నడిచింది. నేను ఆమె పక్కనే ఏడుస్తూ నడిచాను.

ఇల్లు చేరాక చూస్తే అమ్మ మెట్టె ఒకటి లేదు. బురదలో దిగబడిందని మరునాడు నాయనా నేనూ వెతకడానికి పోయాం. నేల రాయిలా ఉంది. కాళ్ళ అచ్చులు అలాగే ఉన్నాయి. కానీ వాటి మధ్య నుంచి బీటలు పోయాయి, అంచులు అరిగిపోయాయి, ఎన్నో ఏళ్ళ కిందట ఎండినట్టున్నాయి. నాయన గడ్డపారతో పెళ్ళలు లేపితే, గట్టిపడిన మట్టి లోపల మెట్టె దొరికింది. ఒక్క ఎండకు పైపొర ఆరుతుంది, ఒప్పుకుంటాను. అంత లోపలిదాకా ఎలా ఆరింది? బోర్లే ఎండిన ఏడు అసలు నీళ్ళు ఎక్కడివి?

నాగమ్మ చిన్నమ్మ అమ్మకు సొంత చెల్లెలు. పక్క వీధే. అవే నీళ్ళు తాగింది, కాళ్ళూ అలాగే పోయాయి. అమ్మ నడిచి ఆమె గడపలోకి పోయిన రోజు చిన్నమ్మ చాలాసేపు అక్క మోకాళ్ళు తడుముతూ కూర్చుంది. అమ్మ ఆగలేదు. మళ్ళీ బండి కట్టించింది.

ఈసారి వీపు తిప్పి కూర్చున్నది అమ్మ. నేను ఆమె పక్కన. పొద్దు నెత్తికి వచ్చింది, వాలింది. వాసన రాలేదు, ఏ చప్పుడూ లేదు. పిలిస్తే ఇక కాదని ఒప్పుకున్నట్టే, అందుకని ఎవ్వరం పిలవలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పొద్దుగుంకే వేళకు వెనక నుంచి చిన్నమ్మే పిలిచింది.

"అక్కా, నన్నెత్తుకో."

అమ్మ గుంటలోకి దిగి చెల్లెల్ని ఎత్తుకుని బండిదాకా మోసింది. చిన్నమ్మ చీరకు ఎండు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

ఇప్పుడు ఆ తావంతా సోలార్ పలకల కింద పోయింది. గుంట యాడుందో నేనే చూపించలేను. అమ్మ పోయేదాకా తన కాళ్ళ మీదే తిరిగింది, రోజూ చెల్లెలికి నీళ్ళు పోసి వచ్చేది. అమ్మ ఎలా లేచిందని ఎవరడిగినా నాకు తెలిసింది ఇంతే.

చిన్నమ్మ మాత్రం వేరేగా అడిగేది. నేను పోయినప్పుడల్లా చేయి పట్టుకుని, "నేను సరిగ్గా పండుకోలేదేమో పాపా, నువ్వు ఆడనే ఉంటివి కదా, చెప్పు" అనేది.